గొత్తికోయలు ఎవరి లెక్కలోని మనుషులు?

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని ఒలేతే పట్టణంలో హైదరాబాద్ ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక తెల్లజాతి వ్యక్తి కాల్చి చంపాడు. మా దేశం వదిలి పొమ్మని అరుస్తూ కాల్చాడని అక్కడున్నవాళ్లు చెప్పారు. ఆ వారమంతా తెలుగునాట జాతివివక్ష గురించే మాట. అదే ఏడాది సెప్టెంబరులో అప్పటి జయశంకర్ భూపాలపల్లి జిల్లా తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది గొత్తికోయల గుడిసెలను నేలమట్టం చేశారు. అడ్డుపడిన ఆడవాళ్లను చెట్లకు కట్టేశారని బాధితులు చెప్పారు. హైకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. ఈ రెండో సంగతిని మాట్లాడుకున్నప్పుడు జాతివివక్ష అన్న మాట అరుదుగా వినిపించింది. 'ఆక్రమణల తొలగింపు' అనే మాటతోనే పని జరిగిపోయింది.

రెండూ ఒకటే అనేస్తే తొందరపాటవుతుంది. రెండింటికీ పోలికే లేదనడం అంతకన్నా తొందరపాటు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్, భద్రాద్రి కొత్తగూడెం అడవుల్లో గుంపులు కట్టుకున్న ఈ గొత్తికోయ ఆదివాసుల మీద ఇరవై ఏళ్లుగా వాదం నడుస్తోంది. అటవీశాఖకు వాళ్లు ఆక్రమణదారులు. పోలీసులకు అనుమానితులు. మిరప రైతుకు కూలీలు. స్థానిక కోయల్లో కొందరికి చుట్టాలు, కొందరికి పోటీదారులు. హక్కుల సంఘాలకు నిర్వాసితులు. ఒక్కొక్కరూ తమ మాటతోనే మాట్లాడతారు కాబట్టి ఎవరు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నారో తెలియని స్థితి వచ్చింది. ఆ చిక్కుముడిని పోగు పోగుగా విడదీసి చూడాలి.

రాకలు రెండు రకాలు

1948 దాకా గోదావరికి అటు బస్తర్ సంస్థానం, ఇటు నిజాం రాజ్యం. నదికి రెండు వైపులా కోయ, దోర్ల, మురియా కుటుంబాల మధ్య పెళ్లిళ్లు, పండుగలు, రాకపోకలు ఉండేవి. మేడారం జాతరకు ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, ఒడిశా ఆదివాసులు ఇప్పటికీ వస్తారు. ఆ జాతర జరిగేది, జలగలంచ ఉన్నదీ ఒకే మండలంలో. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరు 1న ఏర్పడింది, తెలంగాణ 2014 జూన్ 2న. వలస వచ్చినవాళ్లలో నడివయసు దాటిన ఎవరిని తీసుకున్నా ఈ రెండు రాష్ట్రాల కంటే పెద్దవాళ్లే.

మొదటి రకం రాక కూలి కోసం. పాత వరంగల్, ఖమ్మం జిల్లాల మిరపతోటలకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా చేతులు కావాలి. కాయ పండి తాలు కాకముందే ఏరాలి, ఎండబెట్టాలి. బీజాపూర్, సుక్మా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి తోటల పక్కనే పరదాల కింద ఉండి ఏరిపోతాయి. ఈ రాక పాతది, అందరికీ తెలిసింది, ఎవరూ అభ్యంతరం పెట్టనిది. దాని ఖరీదు మాత్రం 2020 ఏప్రిల్‌లో ఒక్కసారిగా బయటపడింది. ములుగు జిల్లా పేరూరు వైపు మిరపతోటల్లో పనికొచ్చిన బీజాపూర్ జిల్లా బాలిక, పన్నెండేళ్లది, లాక్‌డౌన్‌లో తోటివారితో మూడు రోజులు అడవి దారుల వెంట నడిచి, ఇంకొంత దూరంలో ఇల్లుందనగా ఏప్రిల్ 18న చనిపోయింది.

రెండో రకం రాక యుద్ధం వల్ల. 2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రజలే లేచారని ప్రభుత్వం అంది. ఊళ్లు తగలబెట్టి జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తోలారని హక్కుల సంఘాలు అన్నాయి. శిబిరాలకు పోతే మావోయిస్టులకు శత్రువు, ఊళ్లో ఉంటే జుడుంకు శత్రువు. ఈ రెండూ వద్దనుకున్నవాళ్లకు మిగిలిన దారి దక్షిణం వైపు. ఖాళీ అయిన ఊళ్లు 644 అన్న లెక్క సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మానవ హక్కుల వేదిక 2006లోనే దంతేవాడ యుద్ధం మీద నివేదిక తెచ్చింది. శాంతా సిన్హా అధ్యక్షతన కొత్తగా ఏర్పడిన జాతీయ బాలల హక్కుల కమిషన్ 2007 చివర్లో దంతేవాడతో పాటు ఖమ్మం జిల్లా గుంపులనూ చూసింది. హ్యూమన్ రైట్స్ వాచ్ 2008 నివేదిక, సరిహద్దు దాటి వచ్చిన వాళ్ల గుడిసెలను ఇక్కడి అటవీ సిబ్బంది మళ్లీ తగలబెట్టిన ఉదంతాలను నమోదు చేసింది. 2011 జులై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం, ఆదివాసి యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. సల్వాజుడుం పోయింది. దానివల్ల ఊళ్లు వదిలినవాళ్లు మాత్రం ఇక్కడే మిగిలారు.

ఎంతమంది? 30 వేలు, 50 వేలు అంటూ అంచనాలు తిరుగుతుంటాయి. తేడా అంత పెద్దగా ఉండటానికి కారణముంది. మొదటి రకం వాళ్లు, రెండో రకం వాళ్లు ఒకే గుంపులో ఉంటారు. కూలికి వచ్చి యుద్ధం వల్ల వెనక్కి పోలేకపోయినవాళ్లున్నారు. యుద్ధం వల్ల వచ్చి కూలీలుగా స్థిరపడినవాళ్లూ ఉన్నారు. 'నిజమైన నిర్వాసితులు', 'ఆశపడి వచ్చినవాళ్లు' అని గీత గీయబోయిన ప్రతి వాదమూ ఇక్కడే తడబడుతుంది.

గుంపులు ఊళ్లకు దూరంగా, వాగు ఒడ్డున, రిజర్వు ఫారెస్టు లోపల ఉంటాయి. ఎండాకాలం వాగు ఎండితే ఇసుకలో చెలిమ తోడి ముంతతో నీళ్లు ఎత్తాలి. ఏటూరునాగారం అభయారణ్యం నుంచి మహాముత్తారం, పలిమెల దాకా, ఇటు కొత్తగూడ, గంగారం అడవుల అంచుల దాకా ఇదే తీరు. పాత వరంగల్‌లోనే మరో మూల ఉన్న జనగామ జిల్లావాళ్లకు ఇదంతా దూరపు సంగతి. అక్కడ షెడ్యూల్డ్ ప్రాంతం లేదు, చెప్పుకోదగ్గ అడవీ లేదు. అయితే పరాయి రాష్ట్రంలో పేరు నమోదు కాకుండా బతకడమంటే ఏమిటో భివండీకి, షోలాపూర్‌కు, సూరత్‌కు మగ్గం వెతుక్కుంటూ పోయిన అటువైపు నేత కుటుంబాలకు చెప్పక్కర్లేదు.

జాబితాలో పేరు, జాబితా బయట మనిషి

వాదమంతటికీ ఇరుసు షెడ్యూల్డ్ తెగల జాబితా. తెలంగాణ జాబితాలో 'కోయ' పద్దు కింద డోలి కోయ, గుట్ట కోయ, కమ్మర కోయ, లింగధారి కోయ వంటి పేర్లు వరుసగా ఉంటాయి. ఛత్తీస్‌గఢ్ జాబితాలో 'గోండు' పద్దు కింద మురియా, మారియా, దోర్ల, కోయ అన్నీ ఉన్నాయి. అక్కడ వాళ్లు ఎస్టీలన్నదాంట్లో ఎవరికీ సందేహం లేదు. వాగు దాటగానే సందేహం మొదలవుతుంది. జాబితాలోని గుట్ట కోయలు, మనం గొత్తికోయలంటున్నవాళ్లు ఒకరేనని కొందరు వాదిస్తారు. కాదు, జాబితాలో ఉన్నది 1950 నాటికే ఈ గడ్డ మీద ఉన్న కోయల శాఖ, వీళ్లు తర్వాత వచ్చిన మురియాలని అధికారులు అంటారు.

అధికారుల వాదానికి బలం రాజ్యాంగంలోనే ఉంది. 342వ అధికరణం ప్రకారం తెగల గుర్తింపు 'ఆ రాష్ట్రానికి సంబంధించి' మాత్రమే. దీన్ని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మర్రి చంద్రశేఖరరావు కేసులో ఖాయం చేసింది. విచిత్రమేమిటంటే ఆ కేసులో నష్టపోయింది తెలుగు కుర్రాడే. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అయిన గౌడు తెగ విద్యార్థి. తండ్రి ఉద్యోగంతో చిన్నప్పుడే బొంబాయి చేరాడు, అక్కడి వైద్య కళాశాలలో ఎస్టీ సీటు అడిగాడు. నీ తెగకు ఆంధ్రలో ఉన్న కష్టం మహారాష్ట్రలో ఉండాలని లేదు, నీకిస్తే అక్కడి తెగలకు తగ్గుతుంది అని కోర్టు చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులోనూ ఇదే దారి.

ఈ తర్కంలో న్యాయం లేదనలేం. ఆదిలాబాద్ గోండుకు, ములుగు కోయకు ఉన్న కొద్దిపాటి సీట్లను కాపాడటానికి పుట్టిన తర్కమిది. కానీ కోర్టు తేల్చింది కాలేజీ సీటు సంగతి. ఆ తీర్పు పేరు చెప్పి బోరింగు వేయకుండా, అంగన్‌వాడీ పెట్టకుండా ఆపొచ్చని ఏ న్యాయమూర్తీ అనలేదు. నా దృష్టిలో ఇరవై ఏళ్ల గందరగోళానికి మూలం ఇదే. రిజర్వేషన్ ప్రశ్నకు చెప్పిన జవాబును బతుకు ప్రశ్నకు కూడా వాడేస్తున్నారు.

కాగితాల సంగతి ఇంకొంచెం దగ్గరగా చూడాలి. వలస వెళ్లిన ఎస్టీ కుటుంబపు పిల్లలకు, తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన ధ్రువపత్రం చూసి, ఉంటున్న చోటే పత్రం ఇవ్వొచ్చని కేంద్ర హోంశాఖ 1982లోనే ఉత్తర్వులిచ్చింది. దానితో ఈ రాష్ట్రపు రిజర్వేషన్ రాదు కానీ కేంద్ర కొలువులకు, కేంద్ర విద్యాసంస్థలకు పనికొస్తుంది. చట్టం తెరిచి ఉంచిన తలుపే. తండ్రి పత్రం ఎక్కడుంది? ఆ ఊరు తగలబడింది. కొన్ని ఊళ్లకు తహసీల్దారు అడుగు పెట్టి దశాబ్దాలైంది. చాలామందికి ఆ పత్రం పోగొట్టుకునే అవకాశం కూడా రాలేదు, అసలు ఎప్పుడూ ఇవ్వనేలేదు. పదో తరగతి దాకా ఎలాగో చదివిన పిల్ల ఇంటర్ దగ్గర ఆగిపోయేది ఇక్కడే.

అటవీ హక్కుల చట్టం కూడా ఇలాగే సగం తలుపు. 2006 నాటి ఆ చట్టానికి గడువు తేదీ 2005 డిసెంబరు 13. ఆ రోజుకు ఆ అడవిలో సాగులో ఉండాలి, ఆ ప్రాంతంలో ఎస్టీగా గుర్తింపు ఉండాలి. లేదంటే 75 ఏళ్ల నివాసం రుజువు చేయాలి. చట్టంలోని 3(1)(ఎం) సెక్షన్, ఆ తేదీకి ముందు అక్రమంగా ఖాళీ చేయించినవారికి ప్రత్యామ్నాయ భూమితో పునరావాసం హక్కుగా ఇస్తుంది. సల్వాజుడుం మొదలైంది 2005 జూన్‌లో. అంటే జూన్‌కూ డిసెంబరుకూ మధ్య ఊరు కాలినవాళ్లకు దారి ఉంది, 2006 సంక్రాంతికి కాలినవాళ్లకు లేదు. చట్టం రాసినవాళ్లు బస్తర్‌ను తలుచుకుని ఆ తేదీ పెట్టలేదు, నిజమే. ఫలితం మాత్రం అదే.

1976 నీడ

కోయలు, లంబాడాలు పక్కపక్కన ఉండే మహబూబాబాద్‌లో ఈ వాదం వేడెక్కడానికి గొత్తికోయల కంటే పాత కథ ఒకటుంది. ఆంధ్ర ప్రాంతంలో ఎస్టీలుగా ఉన్న లంబాడాలకు తెలంగాణలోనూ ఆ హోదా 1976లో ప్రాంతీయ పరిమితుల తొలగింపు చట్టంతో వచ్చింది. అదే లంబాడాలు మహారాష్ట్రలో ఎస్టీలు కారు. ఆ తర్వాత అక్కడి నుంచి ఆదిలాబాద్‌కు వలసలు పెరిగిన తీరును మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ తన 1982 నాటి పుస్తకంలో చర్చించాడు. 2017 చివర్లో తుడుందెబ్బ అనే ఆదివాసి సంఘం నాయకత్వంలో ఆదివాసులు లంబాడాలను జాబితా నుంచి తీసేయాలని పెద్ద ఉద్యమమే చేశారు. లంబాడా సంఘాలు దీటుగా సభలు పెట్టాయి. తాము తరతరాలుగా ఇక్కడివాళ్లమని, వలస పేరుతో మొత్తం సమాజాన్నే పరాయిని చేయడం అన్యాయమని వాళ్ల జవాబు.

ఆ వివాదంలో ఎవరిది ఎంత న్యాయమన్నది వేరే వ్యాసం. ఇక్కడ పనికొచ్చేది ఒక్క సంగతి. స్థానిక కోయ పెద్దలు గొత్తికోయల విషయంలో తటపటాయించేది ద్వేషంతోనే అనుకుంటే పొరపాటు. ఒకసారి జాబితా తలుపు తెరిస్తే ఏమవుతుందో చూశామన్న అనుభవం వాళ్లది. ఎక్కువ చదువు, ఎక్కువ పలుకుబడి ఉన్నవాళ్లు వచ్చి సీట్లన్నీ తీసుకుపోతారన్న భయం అది. అయితే గొత్తికోయలకు ఆ చదువూ లేదు, ఆ పలుకుబడీ లేదు. పాత గాయం కొత్తవాళ్ల మీద సలుపుతోంది.

నాలుగు వాదాలు

అటవీశాఖ వాదం సూటిగా ఉంటుంది. 2005 తర్వాత నరికిన ప్రతి ఎకరా నేరమే, నరికింది ఎవరైనా సరే. గుంపు వచ్చిన చోట ఐదారేళ్లలో చుట్టూ పోడు విస్తరిస్తుంది. అభయారణ్యం ముక్కలవుతుంది. ఈ మాటలో నిజం ఉంది, అడవి తరిగింది. కానీ హక్కుల పరిశీలన ముగిసేదాకా ఎవరినీ వెళ్లగొట్టరాదని అదే చట్టంలోని 4(5) సెక్షన్ చెబుతోంది. గుంపుకు గ్రామసభ లేనప్పుడు పరిశీలన ఎవరు చేశారు, ఎప్పుడు ముగించారు? శాఖ దగ్గర దీనికి గట్టి జవాబు దొరకదు. పైగా పోడు అంతా గొత్తికోయలదే అయినట్టు మాట్లాడటం రివాజైంది. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చింది. ఆ భూమి కూడా ఒకప్పుడు అడవే. గొత్తికోయలకు మాత్రం అందులో చోటు లేదని ప్రభుత్వం ముందే తేల్చి చెప్పింది.

భద్రతా వాదం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సరిహద్దు గుంపులు మావోయిస్టులకు అన్నం పెడతాయని పోలీసులకు అనుమానం. పారిపోయి వచ్చినవాళ్లు ఇన్‌ఫార్మర్లని మావోయిస్టులకు అనుమానం. రెండు అనుమానాల మధ్య నలిగినవాళ్లు మళ్లీ అదే స్థితికి వచ్చారు.

మూడోది రక్షణ వాదం. స్థానిక తెగల భూమి, సీట్లు, పంచాయతీ పదవులు ముందు కాపాడాలంటుంది. రాజ్యాంగంలో దీనికి ఊతం ఉంది. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును 19(1)(ఇ) ఇస్తే, షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల కోసం దానికి హేతుబద్ధమైన పరిమితులు పెట్టొచ్చని 19(5) అంటుంది. అడవిలోకి దిగే షావుకారును, భూస్వామిని ఆపడానికి రాసిన మాట అది. ఇప్పుడు దాన్ని ఒక ఆదివాసి మీదికి ఇంకో ఆదివాసి పేరుతో ప్రయోగించాల్సి వస్తోంది. ఈ కోణాన్ని ఉన్నత న్యాయస్థానం ముందు ఎవరైనా గట్టిగా వాదిస్తే బాగుండును.

నాలుగోది హక్కుల వాదం. దేశం లోపలే నిర్వాసితులైన వాళ్లకు ప్రత్యేక విధానం కావాలంటుంది. ఈ పక్షాన వచ్చిన అధ్యయనాల్లో చెప్పుకోదగ్గది దనసరి అనసూయ పరిశోధన. సీతక్కగా అందరికీ తెలిసిన ఆమె, ములుగు ఎమ్మెల్యేగా ఉంటూ, పాత వరంగల్, ఖమ్మం జిల్లాల గొత్తికోయల సామాజిక వెలి మీద ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 2022లో డాక్టరేట్ పొందారు. ఆమె స్వయంగా కోయ. 2023 డిసెంబరులో రాష్ట్ర మంత్రి అయ్యారు. ఒక సమస్య మీద పట్టా పుచ్చుకున్నవాళ్లే ప్రభుత్వంలో ఉండటం మన దగ్గర అరుదు. దాని నుంచి ఆశించేదీ ఎక్కువే ఉంటుంది. హక్కుల వాదానికీ ఒక లోపం ఉంది. ఎస్టీ హోదా, పోడు పట్టా, మంచినీళ్లు, పునరావాసం అన్నీ ఒకే మూటగా కట్టి అడుగుతుంది. మూటలో బరువైనది ఆగితే తేలికైనవీ ఆగిపోతాయి.

పక్కపక్కన పెట్టి చూస్తే, అటవీశాఖ చెట్టును లెక్కపెడుతుంది, పోలీసులు అనుమానాన్ని, స్థానిక సంఘాలు సీట్లను, హక్కుల సంఘాలు గాయాలను. మిరప రైతు వాదం ఈ నాలుగింటిలో ఎక్కడా లేదు. ఎందుకంటే అతడు వాదించడు. ఫిబ్రవరిలో వీళ్లను పంపేయాలని ఎవరూ అనరు.

చంద్రుగొండ తర్వాత

2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలం ఎర్రబోడు వద్ద ప్లాంటేషన్ మొక్కల దగ్గర మొదలైన గొడవలో ఫారెస్టు రేంజి అధికారి చలమల శ్రీనివాసరావును వేటకొడవళ్లతో నరికి చంపారు. ఘోరమైన హత్య. చేతిలో ఆయుధం లేని ఉద్యోగి, ప్రభుత్వం తేల్చని భూతగాదాకు బలైపోయాడు. నిందితులైన ఇద్దరు గొత్తికోయలకు 2023లో కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది.

శిక్ష ఇద్దరికి. కానీ హత్య జరిగిన వారం తిరగకముందే బెండాలపాడు గ్రామపంచాయతీ, గుంపు మొత్తాన్ని ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానం చేసింది. పసిపిల్లలతో సహా. రాజకీయ నాయకుల నోట 'ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు' అన్న మాట నేరానికి మారుపేరైంది. దీని పక్కన 2019 జూన్ నాటి సార్సాల ఘటనను పెట్టి చూడండి. ఆసిఫాబాద్ జిల్లాలో మొక్కలు నాటించడానికి వెళ్లిన మహిళా రేంజి అధికారిని అధికార పార్టీ నాయకుడి వెంట వచ్చిన గుంపు కర్రలతో కొట్టింది. దేశమంతా ఆ వీడియో చూసింది. అరెస్టులు జరిగాయి, పదవి పోయింది. ఆ నాయకుడి కులాన్నంతా ఎక్కడికో పంపేయాలని మాత్రం ఏ పంచాయతీ తీర్మానించలేదు. రెండు నేరాల తీవ్రత ఒకటి కాదు, ఒకటి హత్య. అయినా నేరం ఒకచోట వ్యక్తిదిగా, ఇంకోచోట జాతిదిగా మారే తీరు కళ్లకు కడుతుంది.

ఈ తీరును జమైకాలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన సమాజశాస్త్రవేత్త స్టూవర్ట్ హాల్ యాభై ఏళ్ల కిందటే పరిశీలించాడు. 1972లో బర్మింగ్‌హామ్ హాండ్స్‌వర్త్‌లో జరిగిన ఒక దారిదోపిడి కేసు ఎలా దేశవ్యాప్త భయంగా పెరిగిందో, ఆ భయం ఎలా నల్లజాతి యువకుల మొహం వేసుకుందో సహచరులతో కలిసి 1978లో పుస్తకం రాశాడు. నేరం లేదని అతడనలేదు. నేరానికీ దాని చుట్టూ లేచిన గగ్గోలుకూ ఉన్న కొలతల తేడా ఎవరికి పనికొచ్చిందని అడిగాడు. ఆ ప్రశ్నను చంద్రుగొండకు వేసినవాళ్లు మన దగ్గర చాలా కొద్దిమంది.

కరీబియన్ల అనుభవం ఎంతవరకు పనికొస్తుంది

వలస వచ్చినవారి మీద వివక్ష గురించిన రాతల్లో కరీబియన్ల కథ ముందువరసలో ఉంటుంది. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్రష్ ఓడ కరీబియన్లతో బ్రిటన్‌లోని టిల్బరీ రేవుకు చేరింది. ఆ ఏడాది పౌరసత్వ చట్టం ప్రకారం వలసదేశాల ప్రజలు కూడా బ్రిటన్ పౌరులే. ఆస్పత్రులకు, బస్సులకు మనుషులు కావాలి కాబట్టి రమ్మన్నారు. 1958లో నాటింగ్ హిల్‌లో వాళ్ల ఇళ్ల మీద దాడులు జరిగాయి. 1963లో బ్రిస్టల్ బస్సుల్లో నల్లవాళ్లకు ఉద్యోగాలివ్వనందుకు బహిష్కరణ ఉద్యమం నడిపి గెలిచారు. 1965లో మొదటి జాతివివక్ష నిరోధక చట్టం వచ్చింది.

అసలు పాఠం ఆ తర్వాతిది. 1971 వలస చట్టం, అప్పటికే స్థిరపడినవాళ్లకు ఉండే హక్కును ఉంచింది కానీ చేతికి కాగితం ఇవ్వలేదు. వాళ్ల రాకను చూపే పాత ల్యాండింగ్ కార్డులను హోంశాఖ 2010లో నాశనం చేసింది. 2012 నుంచి కాగితం లేనివాళ్లకు వైద్యం, ఇల్లు, ఉద్యోగం దక్కకుండా నిబంధనలు బిగించారు. యాభై ఏళ్లు పన్ను కట్టిన ముసలివాళ్లు పరాయివాళ్లయ్యారు, కొందరిని ఓడ ఎక్కిన దేశాలకే తిప్పి పంపేశారు. 2018లో ప్రధాని క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ప్రభుత్వం నియమించగా 2020లో వెండీ విలియమ్స్ ఇచ్చిన సమీక్ష, ఇది ఒకరిద్దరి ద్వేషం వల్ల జరగలేదని, జాతి విషయంలో ఒక శాఖకు శాఖే చూపిన అజ్ఞానం, నిర్లక్ష్యం వల్ల జరిగిందని తేల్చింది.

పోలిక ఇక్కడ కుదురుతుంది. పని కావాల్సినప్పుడు మనిషి, హక్కు అడిగినప్పుడు కాగితం. తేడాలూ పెద్దవే. కరీబియన్లకు ఇంగ్లిష్ వచ్చు, కార్మిక సంఘాలున్నాయి, ఓటు ఉంది. 1958లోనే ఉద్యమకారిణి క్లాడియా జోన్స్ వాళ్లకోసం పత్రిక పెట్టింది. గొత్తికోయలకు పత్రిక మాట అటుంచి, తెలుగు చదివే తరమే ఇప్పుడిప్పుడే వస్తోంది. ఇంకో తేడా మనకు మరీ ఇబ్బందికరం. కరీబియన్ సముద్రం దాటి ఇంకో దేశం వెళ్లాడు. గొత్తికోయ దేశం దాటలేదు, పౌరసత్వం మారలేదు, ఒంటి రంగూ వేరు కాదు.

మరి దీన్ని జాతివివక్ష అనొచ్చా?

ఈ ప్రశ్న మీద రెండు పక్షాలున్నాయి. జాతివివక్ష నిర్మూలన మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారత్ 1968లో ఆమోదించింది. అందులో జాతి, రంగుతో పాటు వంశం, జాతి మూలం కూడా ఉన్నాయి. 2001లో డర్బన్ సదస్సులో దళిత సంఘాలు కులాన్ని అందులోకి తేవాలన్నప్పుడు మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ ఒప్పందపు కమిటీ 2007లో, వంశంలో కులమూ వస్తుందని భారత్‌కు చెప్పింది. ఆ కొలతతో చూస్తే పుట్టుక చూసి గుంపునంతా వెళ్లగొట్టాలనే తీర్మానం జాతివివక్షే. రెండో పక్షం ఈ మాట వద్దంటుంది. ఇక్కడ పని చేస్తున్నది రాష్ట్ర సరిహద్దు, అటవీ చట్టం, పేదరికం. అన్నిటినీ ఒకే పేరుతో పిలిస్తే మందు దొరకదని దాని వాదన.

నాకు రెండో పక్షం హెచ్చరిక సబబుగానే తోస్తుంది, చివరి మాట మాత్రం మొదటి పక్షానిదే. కాలేజీ సీటు నిరాకరణ జాతివివక్ష కాదు. ఇద్దరి నేరానికి గుంపును వెలివేయడం జాతివివక్ష. ఎవరూ ఎవరినీ ద్వేషించకుండానే, ఒక్కో అధికారి తన నిబంధన తాను పాటిస్తూనే, పిల్లలకు అంగన్‌వాడీ లేకుండా చేయడం వెండీ విలియమ్స్ చెప్పిన రకానిది.

తేలనివి

మొదటిది లెక్క. ఎవరు ఎప్పుడు, ఏ ఊరి నుంచి, ఎందుకు వచ్చారో రెండు రాష్ట్రాలూ కలిసి నమోదు చేయకపోతే 3(1)(ఎం) సెక్షన్ కాగితం మీదే ఉంటుంది.

రెండోది తిరుగు ప్రయాణం. 2026 మార్చి 31 నాటికి మావోయిజం లేకుండా చేస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది. 2025 వేసవిలో ములుగు సరిహద్దు కర్రెగుట్టల మీద వారాల తరబడి ఆపరేషన్ నడిచింది. యుద్ధం ముగిస్తే వెళ్లిపోతారా? కొందరు పోవచ్చు. వాళ్ల పొలాలు ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉన్నాయో, ఊళ్ల చుట్టూ వెలసిన క్యాంపుల మధ్య బతకడం ఎలాగో ఎవరూ చెప్పడం లేదు. బలవంతంగా పంపడం, ఇష్టపడి పోవడం ఒకటి కావు. మిజోరం నుంచి 1997లో త్రిపురకు పారిపోయిన బ్రూ తెగవారి విషయంలో ఇరవై ఏళ్లు వెనక్కి పంపడానికే ప్రయత్నించి, కుదరక, 2020 జనవరిలో సుమారు 34 వేల మందిని త్రిపురలోనే స్థిరపరచడానికి 600 కోట్ల రూపాయలతో ఒప్పందం చేసుకున్నారు. ఆ నమూనా ఇక్కడ ఎందుకు చర్చకు రాలేదన్నది అడగాల్సిన ప్రశ్న.

మూడోది పిల్లలు. 2006లో ఈ అడవుల్లో పుట్టినవాళ్లు ఇప్పుడు ఓటర్ల వయసుకొచ్చారు. వాళ్లు బస్తర్ చూడలేదు. వాళ్లను ఎక్కడికి 'తిరిగి' పంపుతారు?

ఎస్టీ హోదా తేలడానికి పార్లమెంటు కావాలి. పోడు పట్టా తేలడానికి కోర్టులు కావాలి. ఆ రెండూ ఆలస్యం కావచ్చు, స్థానిక తెగల మాట విన్నాకే తేలాలి కూడా. కానీ మంచినీళ్లు, బడి, అంగన్‌వాడీ, చౌకధరల దుకాణం సహా 13 రకాల వసతులకు హెక్టారు లోపు అటవీ భూమి వాడుకోవచ్చని అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్‌లోనే రాసి ఉంది. గ్రామసభ సిఫారసు, డీఎఫ్‌ఓ అనుమతి ఉంటే చాలు. ఆహార భద్రత చట్టానికి కుల పత్రం అక్కర్లేదు. అంగన్‌వాడీకి అక్కర్లేదు. ఏటూరునాగారం ఐటీడీఏ, భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్ కలెక్టర్లు ఈ పనిని రేపే మొదలుపెట్టొచ్చు. దానికి ఎవరు ఎక్కడివాళ్లో తేలేదాకా ఆగనక్కర్లేదు.